హోస్ట్స్ ఫైల్ మార్చినా సైట్ ఆగడం లేదా?

ప్రశ్న: మా అబ్బాయి టెన్త్ చదువుతున్నాడు. పరీక్షలయ్యేదాకా ఒక గేమింగ్ సైట్ రాకుండా చేద్దామని విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో హోస్ట్స్ ఫైల్ మార్చబోతే పర్మిషన్ లేదంటోంది. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి ఆ ఫైల్ ఉండే ఫోల్డర్‌లో పెట్టాను. అయినా సైట్ మామూలుగానే వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: సైట్ పేరు కొడితే ఏ అడ్రస్‌కు వెళ్లాలో విండోస్ ముందుగా చూసుకునే చిన్న జాబితా ఈ హోస్ట్స్ ఫైల్. మీరు పెట్టిన ఫైల్ పేరు చివర డాట్ టీఎక్స్‌టీ చేరి ఉంటుంది. నోట్‌ప్యాడ్ దాన్ని తనే తగిలిస్తుంది, ఎక్స్‌ప్లోరర్ మామూలుగా దాన్ని చూపించదు, విండోస్ మాత్రం తోక లేని ‘హోస్ట్స్’ ఫైల్‌నే చదువుతుంది. ముందు ఆ కొత్త ఫైల్ తీసేయండి.

స్టార్ట్‌లో నోట్‌ప్యాడ్ అని వెతికి, రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. పర్మిషన్ గొడవంతా ఇక్కడే తీరిపోతుంది. ఇప్పుడు ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ వరకు వెళ్లండి. అక్కడ ఏమీ కనిపించకపోతే కంగారు పడకండి, కింద ‘ఆల్ ఫైల్స్’ అని మార్చితే హోస్ట్స్ వస్తుంది. మార్చేముందు ఒక కాపీ తప్పకుండా తీసి పెట్టుకోండి.

చివర కొత్త లైన్‌లో 0.0.0.0 (ఎక్కడికీ చేర్చని అడ్రస్) అని రాసి, ఒక స్పేస్ ఇచ్చి, సైట్ పేరు రాయాలి. హెచ్‌టీటీపీఎస్, స్లాష్‌లు వద్దు. లైన్ మొదట్లో # ఉంటే ఆ లైన్ లెక్కలోకి రాదు. చాలామంది పొరబడేది ఇంకోచోట: డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు దీనికి వేర్వేరు, అందుకే రెండూ రెండు లైన్లుగా రాయాలి, స్టార్ గుర్తు పెట్టి అన్నీ ఒకేసారి ఆపేద్దామంటే కుదరదు. సేవ్ చేశాక, విండోస్ గుర్తుపెట్టుకున్న పాత అడ్రస్‌లు చెరిగిపోయేలా కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్’ (ipconfig /flushdns) ఇచ్చి, బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవండి.

ఎలాగూ ఆ ఫైల్ తెరిచారు కాబట్టి మీరు రాయని బ్యాంకు పేరో, యాంటీవైరస్ సైట్ పేరో అందులో ఉందేమో చూడండి. మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) అలాంటి లైన్లు చేర్చిందంటే మీరు బ్యాంకు అడ్రస్ అక్షరం తప్పకుండా కొట్టినా కంప్యూటర్ ఇంకెక్కడికో తీసుకెళ్తుంది. కనిపిస్తే ఆ లైన్ తీసేసి ఫుల్ స్కాన్ చేయండి, అది పూర్తయ్యేదాకా ఆ ల్యాప్‌టాప్‌లో డబ్బు లావాదేవీలు చేయొద్దు.

ఇక అబ్బాయి సంగతి. ఈ మార్పు ఈ ల్యాప్‌టాప్‌కే, ఫోన్‌లో సైట్ వస్తుంది. పైగా అతను వాడేది అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ అయితే మీరు రాసిన లైన్ క్షణంలో తీసేయగలడు. అతనికి విడిగా స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.