బల్ల దగ్గర లేని పిల్లవాడు

చిట్టితల్లీ,

మీ అమ్మ ఆదివారం పూజ నుంచి వచ్చీ రాగానే ఫోను చేసింది. పిల్లలను బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెబుతున్నావని నిరుడే విన్నాను. ఈ ఏడు చరిత్రలో ఇస్లాం మొదలుపెట్టబోతున్నావని ఇప్పుడే తెలిసింది. "ఆ గొడవంతా దానికెందుకక్కా, పునీతుల కథలు చెప్పుకోక" అని మీ అమ్మ దిగులు. నాకైతే గర్వంగానే అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. ముప్పై నాలుగేళ్లు మిషను బడిలో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, ఈ పాఠం ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

మీ టెక్సాసులో ఇంటి చదువుకు చట్టం అడిగేవి చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదేనట కదా. చరిత్ర ఆ జాబితాలోనే లేదు. అంటే నువ్వు ఏం చెప్పినా అడిగేవాడు లేడు. నా భయమంతా అక్కడే.

మామూలు సంగతులు నీకు చెప్పనక్కరలేదు. గోడకు పటం అంటించు. 570, 610, 622, 632 ఈ నాలుగు సంవత్సరాలు నోటికి రానివ్వు: ప్రవక్త పుట్టుక, తొలి సందేశం, మదీనాకు వలస, మరణం. ముస్లింల హిజ్రీ ఏడాదికి 354 రోజులే కాబట్టి రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందే వస్తుందని పెద్దవాడిచేత లెక్క వేయించు. చరిత్రతోపాటు లెక్కల పాఠమూ అయిపోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. యుద్ధంతో మొదలుపెట్టకు. అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా, కథతో మొదలుపెట్టు. మక్కాలో తొలి ముస్లింలను బతకనివ్వకపోతే, 615 ప్రాంతంలో వాళ్లలో కొందరు ఎర్రసముద్రం దాటి అక్కడి ఆక్సుం రాజ్యానికి పారిపోయారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. వాళ్లను పట్టి అప్పగించమని మక్కా పెద్దలు కానుకలతో మనుషులను పంపారు. మీ గ్రంథం ఏం చెబుతుందో వినిపించమని రాజు అడిగితే, జాఫర్ అనే అతను మరియమ్మ అధ్యాయం చదివాడట, రాజు కళ్లనీళ్లు పెట్టుకుని అప్పగించనన్నాడట. ముస్లింల సంప్రదాయం ఈ కథను ఇలా చెబుతుంది. ఖురానులో 114 అధ్యాయాలుంటే పంతొమ్మిదోదానికి మన తల్లి పేరే ఉంది. ఆ గ్రంథం మొత్తంలో పేరుపెట్టి చెప్పిన స్త్రీ ఆమె ఒక్కతే. ఈ ముక్క నాకు ఇరవై ఐదేళ్ల వయసులో తెలిసి ఉంటే, ఇప్పుడు రాయబోయేది రాయవలసిన పని ఉండేది కాదు.

1976. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. అక్టోబరు 7 జపమాల మాత పండుగ కదా, ఆ రోజున పిల్లలచేత లెపాంటో యుద్ధం నాటకం వేయిస్తానని సిస్టర్లతో చెప్పాను. 1571లో గ్రీసు తీరాన తురుష్కుల నౌకాదళాన్ని క్రైస్తవ రాజ్యాల నౌకలు ఓడించడం, ఆ గెలుపుకోసం ఐదవ పయస్ పోపుగారు అందరిచేత జపమాల చెప్పించడం, అదే ఈ పండుగకు మూలమని ఎక్కడో చదివి ఊగిపోయాను. నాటకం రాసిందీ, పాటలు కట్టిందీ నేనే. తురుష్కుల సేనాని వేషం ఎవరికివ్వాలన్నప్పుడు ఏమాత్రం ఆలోచించలేదు. ఏడో తరగతిలో ఒకే ఒక్క సాయిబుల పిల్లవాడు ఉన్నాడు. బాగా చదివేవాడు, గొంతు గట్టిది. "నువ్వయితే సరిగ్గా సరిపోతావురా" అన్నాను. వాడు సంబరపడ్డాడు కూడా.

వాళ్ల నాన్న దర్జీ. మా బడి యూనిఫారాలన్నీ ఆయనే కుట్టేవాడు. నాటకానికి దుస్తులు కూడా డబ్బు తీసుకోకుండా కుట్టిచ్చాడు. సేనానికి పట్టుకోవడానికి పచ్చ జెండా కావాలంటే, నెలవంక రెండు వైపులా కనిపించేలా అతికి, అంచులు మడిచి చేత్తో కుట్టాడు. ఒక వైపు చాలు కదండీ అంటే, "గాలికి తిరిగితే వెనకవైపు బోసిగా ఉంటుందమ్మా" అన్నాడు.

నాటకంలో ఆఖరికి సేనాని పడిపోవాలి, జెండా కిందపడాలి, మనవాళ్లు జయజయధ్వానాలతో దానిమీదుగా నడిచి రావాలి. అలా రాసింది నేనే. పిల్లలు నడవలేదు, తొక్కారు. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నుంచి ఒక మనిషి లేచి ముందుకు రావడం కనిపించింది. ఆయన వేదిక దగ్గర వంగి ఆ జెండా తీసుకున్నాడు. దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. నేను ఏదో అనబోయాను. ఆయనే అన్నాడు: "మా అమ్మ పేరు మరియంబీ అండీ. మరియమ్మగారి పండుగ కదా, చూపిద్దామని తీసుకొచ్చాను." వెనక్కి చూస్తే, చివరి బెంచీ మీద ముసుగు కప్పుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

మర్నాటి నుంచి తరగతిలో ఆ పిల్లవాడికి పేరు పోయింది. అందరికీ "తురకోడు" అయ్యాడు. మా ఊళ్లో ఆ మాట అంతకుముందూ ఉంది, కాదనను. కానీ తరగతి గదిలోకి దాన్ని తెచ్చింది నా నాటకం. ఒకరోజు వాడు నోటుబుక్కు దిద్దించుకోవడానికి వచ్చి, "టీచరుగారూ, మేము గెలిచిన యుద్ధం ఒక్కటీ లేదా అండీ?" అని అడిగాడు. ఎన్నో ఉన్నాయి. 1187లో సుల్తాను సలాహుద్దీన్ యెరూషలేమును గెలిచి, 1099లో మన సిలువ యుద్ధవీరులు అక్కడ ముస్లింలనూ యూదులనూ ఊచకోత కోసినట్టు కోయకుండా వదిలాడని చెప్పొచ్చు. నేను నవ్వి, "ముందు లెక్కలు సరిగ్గా చెయ్యి" అన్నాను. సంక్రాంతి సెలవులయ్యాక వాడు రాలేదు. వాళ్ల నాన్న వచ్చి టీసీ తీసుకున్నాడు, కుట్టుమిషను దగ్గర సాయం కావాలన్నాడు. అది నిజమే కావచ్చు. ఆ తరవాత పదేళ్లపాటు నేను జాకెట్లు వేరే వీధిలో కుట్టించుకున్నాను.

ముస్లింలను మన కతోలిక శ్రీసభ గౌరవంతో చూస్తుందనీ, వెనకటి పగలు మరిచి ఒకరినొకరు అర్థం చేసుకోవాలనీ వాటికన్ మహాసభ ప్రకటించింది 1965 అక్టోబరు 28న. నా నాటకానికి పదకొండేళ్ల ముందు! ఆ పత్రం మా బడి బీరువాలోనే ఉండేది. నేను తెరవలేదు.

ఇదంతా ఎందుకు రాశానంటే, నా తరగతిలో కనీసం ఆ పిల్లవాడున్నాడు. నా తప్పు నాకు కనిపించడానికి ఒక మొహం ఉంది. నీ వంటింటి బల్ల దగ్గర అలాంటివాడు లేడు. నువ్వు ఎంత తప్పు చెప్పినా తలొంచుకునేవాడు ఉండడు. కాబట్టి ప్రతి పాఠం ముందు, వాడు మూడో కుర్చీలో ఉంటే ఈ మాట ఇలాగే అంటానా అని చూసుకో.

అలాగని మెత్తబరచమనడం లేదు. అన్నీ ఒకటేనని చెప్పావంటే మళ్లీ నాతో మాట్లాడకు. యేసు సిలువమీద చనిపోలేదని ఖురాను అంటుంది, తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ఒకే దేవుడనే త్రిత్వాన్ని ఒప్పుకోదు. అది పిల్లలకు సూటిగా చెప్పాలి. పునీత అగస్టీను ఊరు హిప్పో ఇప్పటి అల్జీరియాలో ఉందంటే, "అక్కడి క్రైస్తవులంతా ఏమయ్యారు?" అని నీ పెద్దవాడు తప్పకుండా అడుగుతాడు. కత్తి అని ఒక్క మాటలో తేల్చెయ్యకు. సైన్యాలు వెళ్లిన మాట నిజం, ముస్లింలు కానివాళ్లమీద వేసిన జిజియా పన్ను నిజం, తక్కువ హోదాలో బతకడమూ నిజం. కానీ జనం మారింది తరాల తరబడి. ఈజిప్టులో కోప్తు క్రైస్తవులు ఇప్పటికీ ఉన్నారు. ఇండోనేషియాకైతే ఏ అరబ్బు సైన్యమూ వెళ్లలేదు, సరుకులతోపాటు మతమూ ఓడ దిగింది.

చిన్నదానికి ఎనిమిదో శతాబ్దపు పునీతుడు దమస్కు యోహానుగారి కథ చెప్పు. మన గుడిలో స్వరూపాలేమిటని ఎవరైనా ఎగతాళి చేస్తే మనం చెప్పే జవాబు ఆయనదే. పటాలు పగలగొట్టించిన క్రైస్తవ చక్రవర్తికి ఎదురుగా అంత ధైర్యంగా ఎలా రాయగలిగాడో తెలుసా? ఆయన ఉన్నది ఖలీఫా రాజ్యంలో, చక్రవర్తి చెయ్యి అక్కడిదాకా చేరదు. ఆ యోహానుగారే ఇస్లాం తప్పని కూడా రాశాడు, అదీ ఆ రాజ్యంలోనే ఉండి. అస్సీసి పునీత ఫ్రాన్సిస్ గారు 1219లో ఈజిప్టులోని దమియెట్టా దగ్గర సుల్తాను అల్ కామిల్‌ను కలిసిన కథ పిల్లలకు మరీ నచ్చుతుంది. సుల్తాను మతం మారలేదు, ఫ్రాన్సిస్ తల పోలేదు. 1996లో అల్జీరియాలోని ఒరాన్‌లో బాంబుకు బలైన బిషప్పుగారి కథ మాత్రం పెద్దవాడికి ఇంకో రెండేళ్లు ఆగి చెప్పు. ఆయనతోపాటు చనిపోయింది ఆయన కారు నడిపే ముస్లిం కుర్రవాడు. చెబుతూ నువ్వే ఏడుస్తావు, నాకు తెలుసు.

వీడియోలు పెట్టి వంటకు వెళ్లిపోకు. పక్కన కూర్చో. నీ పక్క వాటాలో హైదరాబాదు వాళ్లున్నారనీ, పండుగకు షీర్ ఖుర్మా పంపారనీ అన్నావు. గిన్నె ఖాళీగా తిప్పి పంపలేదు కదా? క్రిస్మస్‌కు అరిసెలు చేసినప్పుడు పిల్లల చేతికిచ్చి పంపించు, నువ్వు వెళ్లకు.

లెపాంటో దాకా వచ్చాక, పాఠం చెప్పే ముందు ఒకసారి ఫోను చెయ్యి. మీకు సాయంత్రమైతే నాకు తెల్లవారుతుంది, నాలుగింటికే లేస్తాను.

నీ పెద్దమ్మ