ఆగస్టులో పెద్దవాళ్ళతో గోజో: మధ్యాహ్నాలు ఎక్కడ గడుపుతారో ముందు తేల్చుకోండి

జర్మనీ నుంచి మీరిద్దరూ పిల్లలూ, విజయవాడ నుంచి వచ్చే అమ్మానాన్నలూ, ఆగస్టులో ఆరు రోజులు. మాల్టా పెద్ద దీవిలో ఉండి, ఆ దేశానిదే అయిన చిన్న దీవి గోజోకి ఒక్కరోజు వెళ్ళొస్తే చాలా, అక్కడే ఉండాలా, కారు కావాలా అనే కదా అడిగారు? గోజోలోనే ఉండండి, కారు తీసుకోండి. మేం 2023 ఆగస్టులో డబ్లిన్ నుంచి అత్తయ్యనీ మామయ్యనీ తీసుకెళ్ళి, కారు దగ్గర పీనాసితనం చేసి బాగా అనుభవించాం.

మ్యాప్‌లో చూస్తే ఆ దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి 14 కిలోమీటర్లే. బస్సులు చాలులే అనుకుని రోజుకి నాలుగు చోట్లు రాసుకున్నాను. తీరా చూస్తే దాదాపు ప్రతి బస్సూ మధ్యలో ఉన్న విక్టోరియా బస్టాండు చుట్టూనే తిరుగుతుంది, పక్క ఊరికి వెళ్ళాలన్నా చాలాసార్లు అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకోవాల్సిందే. రెండో రోజు షారలో జ్‌గాంటియా రాతిగుళ్ళు చూశాం. క్రీస్తుపూర్వం 3600 నాటివి, ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి, మామయ్య ఒక్కో రాయి దగ్గరా ఆగిపోయారు. బయటికొచ్చేసరికి పన్నెండున్నర. బస్ స్టాపులో నీడ లేదు, ఉన్న ఒక్క స్తంభం నీడలో అత్తయ్యని నిలబెట్టాం, పక్కన సున్నపురాయి గోడ మీద చెయ్యి పెడితే అట్ల పెనంలా ఉంది. బస్సు వచ్చేలోపే ఆవిడకి కళ్ళు తిరిగాయి. బెజవాడ ఎండలు చూసినవాళ్ళం, ఈ 33 డిగ్రీలు ఏం చేస్తాయిలే అనుకున్నాను గానీ, బెజవాడలో ఆ టైముకి ఎవరు బయట ఉంటారు చెప్పండి?

మూడో రోజు నుంచి లిస్టు పక్కన పడేసి, పొద్దున ఏడింటికి బయల్దేరి పదకొండుకల్లా ఇంటికి చేరిపోయేవాళ్ళం, అన్నం, ఆవకాయ, నిద్ర, మళ్ళీ ఐదు తర్వాతే బయటికి. అక్కడివాళ్ళూ అంతే, విక్టోరియాలో చాలా షాపులు మధ్యాహ్నం మూసేసి సాయంత్రం తెరుస్తారు.

అందుకే చూసే చోట్ల కంటే ఇల్లు ముఖ్యం. ఏసీ ఉందా అని కాదు, ఏసీ కరెంటు అద్దెలో కలిసిందా అని అడగండి. మా ఇంట్లో గోడకి నాణేల డబ్బా బిగించారు, యూరో బిళ్ళ వేస్తేనే ఏసీ తిరుగుతుంది. ఆ సంగతి బుక్ చేసేటప్పుడు ఎవరూ చెప్పలేదు. రాత్రి రెండింటికి అది టక్కున ఆగిపోతే మామయ్య లుంగీలో టార్చి వేసుకుని అందరి జేబులూ తడుముతున్నారు. పాత రాతి ఇళ్ళలో మెట్లు ఇరుకు, మెలికలు కూడా, కాబట్టి పెద్దవాళ్ళకి కింద పడకగది ఉన్న ఇల్లే చూడండి.

పిల్లలకి రామ్లా బీచ్ పొద్దున్నే. ఆ ఎర్ర ఇసుక తర్వాత కాళ్ళు కాలుస్తుంది. సాయంత్రాలు ష్లెండిలో కూర్చోండి, నీటి పక్కనే నడిచే దారి, బెంచీలు, మావాళ్ళు నాలుగు సాయంత్రాలు అక్కడే గడిపారు. ద్వేరా తీరంలో కిటికీలా ఉండే రాతి తోరణం ఫొటోలు ఇంకా నెట్‌లో తిరుగుతుంటాయి గానీ అది 2017 మార్చిలోనే సముద్రంలో కూలిపోయింది. "పడిపోయినదాన్ని చూడ్డానికి ఇంత దూరమా" అన్నారు మామయ్య, తర్వాత అక్కడి చిన్న పడవలో కొండ సొరంగం గుండా సముద్రంలోకి వెళ్ళొచ్చి ఇంకోసారి వెళ్దామన్నారు. పక్కనున్న కొమినో దీవిలో అందరూ ఈతకి వెళ్ళే బ్లూ లగూన్ పెద్దవాళ్ళతో వద్దు, నీడ తక్కువ, జనం ఎక్కువ, పైగా 2025 నుంచి ముందే ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకోవాలి.

వీలైతే ఆగస్టు 15 ఉన్న వారం తప్పించండి. ఆ రోజు సాంతా మరియా పండగ, మాల్టా సగం గోజోలోనే ఉన్నట్టుంటుంది, కార్లు ఫెర్రీ కోసం బారులు తీరతాయి. మామూలు రోజుల్లో మాల్టా పెద్ద దీవిలోని చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీ 25 నిమిషాలే, వెళ్ళేటప్పుడు డబ్బు అడగరు, తిరిగొచ్చేటప్పుడే టికెట్టు, మాకు మనిషికి 4.65 యూరోలు పడింది. కారు లేకపోతే వల్లెట్టా నుంచి 45 నిమిషాల ఫాస్ట్ ఫెర్రీ ఉంది.

అమ్మానాన్నలకి జర్మనీ ఇచ్చే షెంగెన్ వీసా మాల్టాకీ పనికొస్తుంది, గడువు తేదీలు మాత్రం చూసుకోండి. అక్కడ మనలాగే ఎడమవైపు నడపాలి, ప్లగ్గులు మూడు పిన్నుల బ్రిటన్ రకం, జర్మనీ ఛార్జర్లకి అడాప్టర్ పెట్టుకోండి. వాళ్ళు శాకాహారులైతే బఠాణీ పస్తిత్సి (అక్కడి పఫ్‌లు) కొనేముందు పిండిలో ఏ కొవ్వు వాడారో అడగండి, కొన్నిచోట్ల పంది కొవ్వు కలుపుతారు. మేం మూడు తిన్నాక అడిగాం, అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు.