ఆవృత్తి, పునరుక్తి, ఊకదంపుడు

సందేహం: ద్రవ ప్రవాహాలను ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో (ప్రదేశాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి) లెక్కించడం గురించి వ్యాసం రాస్తూ ‘అసంపీడిత ప్రవాహం’ అనీ, జవాబును దఫదఫాలుగా సవరిస్తూ సమీకరణాలను సాధించే ఇటరేటివ్ సాల్వర్లకు ‘పునరుక్తి పద్ధతులు’ అనీ వాడాను. సరైనవేనా?

సమాధానం: మొదటిదానికి ఒక్క మాట చాలు. నొక్కనిది అసంపీడితం, నొక్కుడు పడనిది అసంపీడ్యం. మీకు కావలసింది రెండోది. ధ్వనివేగంలో 30 శాతం లోపు కదిలే గాలినీ అలాగే లెక్కిస్తారు కనుక ఆ విశేషణాన్ని ప్రవాహానికే తగిలించండి, గాలికి కాదు.

‘పునరుక్తి’ మాత్రం మింగుడుపడలేదు. ఆలంకారికులు దాన్ని దోషాల్లో చేర్చారు. నిఘంటువులో ‘మళ్లీ’ అన్న అర్థం కనబడితే చాలు, మాట తెచ్చి అతికించేయడం ఈనాటి అలవాటు! 1952లో హెస్టెన్స్, స్టీఫెల్ ప్రకటించిన కాంజుగేట్ గ్రేడియంట్ సాల్వర్ గానీ, 1986 నాటి జీఎంరెస్ సాల్వర్ గానీ చెప్పిందే చెబుతాయా? సమీకరణం ఇంకా ఎంత పొసగలేదో చూసుకొని, ఆ శేషాన్ని బట్టి జవాబును సవరించుకుంటూ పోతాయి.

దీనికి ‘ఆవృత్తి’ అనే చక్కని మాట ఉంది. వృత్ ధాతువుకు తిరగడం, వర్తించడం అని అర్థం. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం ‘ఆవృత్తిరసకృదుపదేశాత్’ (పలుమార్లు ఉపదేశించారు కనుక ఆవృత్తి చేయాలి) అనే మొదలవుతుంది. శ్రవణమననాదులు (వినడం, తలపోయడం వంటివి) ఎందాకా సాగాలంటే, శంకర భాష్యం వడ్లదంపుడును చూపుతుంది: బియ్యం వచ్చేదాకా. ఇన్ని రోకటిపోట్లని లెక్క లేదు, ఫలం కనబడటమే హద్దు. శేషం మొదటిదాంట్లో పదిలక్షలవ వంతుకు దిగేదాకా తిప్పమని సాల్వర్‌కు చెప్పేదీ ఇదే కదా! పునరుక్తి అంటారా, అది ఊకదంపుడు.

ఆ ఊకదంపుడూ ఈ శాస్త్రంలో లేకపోలేదు. ఒక్కో ముక్కలో వేగానికీ పీడనానికీ ఒకే తరగతి బహుపదులు తీసుకొని, పీడనం ఊగిపోకుండా ఏ స్థిరీకరణా చేయకపోతే, ఎన్నిసార్లు తిప్పినా పీడనం ముక్కముక్కకీ ఎగుడుదిగుడుగానే వస్తుంది. టేలర్, హుడ్ అనే పరిశోధకులు 1973లో వేగానికి రెండో తరగతి, పీడనానికి మొదటి తరగతి బహుపదులు వాడింది ఊరికే కాదు. ఆ జాగ్రత్త లేనిచోట ‘పునరుక్తి’ అని రాసుకోండి, అభ్యంతరం చెప్పను.

గ్రంథం మలిముద్రణను ‘ద్వితీయావృత్తి’ అనడం ఇక్కడ అడ్డురాదు. ‘పౌనఃపున్యం’ అందామంటే, దాన్ని ఫ్రీక్వెన్సీ కోసం భౌతికశాస్త్రం ఎప్పుడో పట్టుకుపోయింది.

మీరడగలేదు గానీ, ఫైనైట్ ఎలిమెంట్‌ను ‘పరిమిత మూలకం’ అంటున్నారు. బడిపిల్లలకు మూలకమంటే ఇనుమూ గంధకమూను. 1960లో ఆ పేరు పెట్టిన రే క్లఫ్ ఉద్దేశించింది నిర్మాణంలోని చిన్న ముక్కను. నాకు ‘ఖండం’ నచ్చుతుంది. వాడుక ‘మూలకం’ వైపే మొగ్గితే మాత్రం పోట్లాడను.