ప్యాసివ్ వాల్యూమ్ కంట్రోల్‌తో పవర్ యాంప్ నడుస్తుందా?

మీ డ్యాక్ (డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె) 2 వోల్టులు ఇస్తుందని, ప్రీయాంప్ (పవర్ యాంప్ ముందు సిగ్నల్‌ని పెంచి, వాల్యూమ్ సరిచేసేది) తీసేసి 50 కిలోఓమ్‌ల పాట్ (వాల్యూమ్ నాబ్ వెనకుండే, తిప్పితే మారే రెసిస్టర్) ఉన్న ప్యాసివ్ బాక్స్ (సిగ్నల్‌ని పెంచకుండా తగ్గించడం మాత్రమే చేసేది) పెడితే సౌండ్ డల్ అవుతుందా అని అడిగారు. ప్యాసివ్ నిక్షేపంగా నడుస్తుంది. కానీ 50 బదులు 10 కిలోఓమ్‌ల పాట్ తీసుకోండి, బాక్స్‌ని యాంప్ పక్కనే పెట్టండి. నేను చాలాకాలంగా ఇలాగే వింటున్నాను.

ముందు గెయిన్, అంటే యాంప్ సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో, ఆ లెక్క చూసుకోండి. మాన్యువల్‌లో 26 డీబీ అని ఉంటే యాంప్ లోపలికొచ్చిన వోల్టేజీని 20 రెట్లు చేస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 100 వాట్లు పోవాలంటే సుమారు 28 వోల్టులు కావాలి, కాబట్టి ఇన్‌పుట్‌లో 1.4 వోల్టులు చాలు. మీకు 2 ఉన్నాయి. అదే 0.3 వోల్టులిచ్చే ఫోనో స్టేజ్ (టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని పెంచే పెట్టె) తగిలిస్తే నాబ్ చివరిదాకా తిప్పినా నాలుగున్నర వాట్లే వస్తాయి. టర్న్‌టేబుల్ ఎక్కువగా వినేవాళ్లకి నేను ప్యాసివ్ చెప్పను.

ఇక డల్ సంగతి. ప్యాసివ్ అంటే జీవం ఉండదని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. తప్పు పాట్ విలువది, కేబుల్ పొడవుది. 100 కిలోఓమ్‌ల పాట్ ఉన్న బాక్స్‌ని డ్యాక్ దగ్గర పెట్టి, అక్కణ్నుంచి యాంప్‌కి 3 మీటర్ల కేబుల్ లాగి విన్నాను. సింబల్స్ (డ్రమ్స్‌లో మోగే లోహపు పళ్లాలు) మీద దుప్పటి కప్పినట్టుంది. నాబ్ పూర్తిగా తిప్పితే మాత్రం ఆ మెరుపు తిరిగొచ్చేది. కారణం ఇది: వోల్టేజీ సగమయ్యే చోట పాట్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (బయటికెళ్లే సిగ్నల్‌కి అది పెట్టే అడ్డు) అత్యధికంగా, దాని విలువలో నాలుగో వంతు ఉంటుంది. 100కి 25 కిలోఓమ్‌లన్నమాట. మీటరుకి 100 పీకోఫారడ్‌ల కెపాసిటెన్స్ (ఆ అడ్డుతో కలిసి పై స్వరాలని తగ్గించే గుణం) ఉన్న కేబుల్ 3 మీటర్లుంటే, 21 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డీబీ పడిపోతుంది. ఆ తగ్గుదల అంతకు చాలా ముందే మొదలవుతుంది. 10 కిలోఓమ్‌ల పాట్‌తో అదే కేబుల్ 210 కిలోహెర్ట్జ్ దాకా లాగుతుంది. పొడుగు కేబుల్ తప్పదంటే అది డ్యాక్ నుంచి బాక్స్‌కి ఉండాలి, బాక్స్ నుంచి యాంప్‌కి అర మీటరు చాలు.

యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 47 కిలోఓమ్‌లైతే చింతే లేదు. 10 అయినా కొంత వాల్యూమ్ తగ్గుతుంది, అంతే. ట్యూబ్ అవుట్‌పుట్ ఉన్న డ్యాక్ అయితే మాత్రం ఆగండి: దాని చివర 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే 10 కిలోఓమ్‌ల మీద 34 హెర్ట్జ్ దగ్గరే బేస్ 3 డీబీ తగ్గిపోతుంది.

గెయిన్ మరీ ఎక్కువున్నా చిక్కే. 32 డీబీ యాంప్‌కి సెన్సిటివ్ స్పీకర్లు తోడైతే నాబ్ కాస్త కదిలించేసరికే గది నిండిపోతుంది. మామూలు పాట్‌లు ఆ మొదట్లోనే రెండు చానెళ్లకీ సమానంగా ఉండవు, గొంతు ఒక పక్కకి జరుగుతుంది. పాట్ ముందు ఒక్కో చానెల్‌కి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెడితే నాబ్ ఇంకాస్త పైకి తిప్పుకోవచ్చు.

సొంతంగా సోల్డర్ చేస్తే పాట్ గ్రౌండ్ కాలిని రెండుసార్లు చూసుకోండి. అది ఊడితే నాబ్ ఎక్కడున్నా ఫుల్ సిగ్నల్ యాంప్‌లోకి పోతుంది.