సత్తెమ్మను పిచ్చిదన్నది ఎవరు?

చి. రమ్యకు,

కథ అందింది, చదివాను. మొదటి మూడు పేజీలకు వంక పెట్టను. సూర్యాపేట పక్కన ఆ ఊరు, పొద్దుగూకాక అరుగు మీద చేరే ఆడవాళ్ళు, పెనిమిటి పోయినా రోజూ రాత్రి ఆయన కంచంలో అన్నం వడ్డించి పక్కన కూర్చుని మాట్లాడే సత్తెమ్మ, అంతా కళ్ళకు కట్టింది. నాలుగో పేజీకి వచ్చేసరికి కొడుకు ఆమెను ఎర్రగడ్డ తీసుకుపోయాడు, డాక్టరు అయిదు నిమిషాలు చూసి ‘స్కిజోఫ్రెనియా’ అన్నాడు, అంటే లేని గొంతులు వినిపించే, లేనిపోనివి నిజమని నమ్మే జబ్బు. ఆ మాటతో కథ ఆగిపోయింది. సత్తెమ్మ మనిషిగా ఉండటం మానేసి కేసు అయిపోయింది.

ఆమె చేస్తున్నది మామూలుగా లేదని నువ్వు ముందే నిర్ణయించుకున్నావు. కాస్త ఆగి ఆలోచించు. వేల్స్‌లో డెవీ రీస్ అనే ఊరి డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడి, 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. వాళ్ళలో దాదాపు సగం మందికి పోయినవాళ్ళు పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, గొంతు వినిపించడమో జరిగింది. కొందరు వాళ్ళతో మాట్లాడేవారు కూడా. చాలామందికి అది ఊరటగానే ఉండేది. ఎక్కువమంది ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పనేలేదు. అంత మామూలు సంగతి చెప్పుకోవడానికి వాళ్ళు ఎందుకు జంకారో ఆలోచిస్తే నీకు ఇంకో కథ దొరుకుతుంది.

వేల్స్ దాకా ఎందుకు? మూడోనాడు పిట్టకు పెట్టి, కాకి ముట్టేదాకా ఊరంతా ఎండలో నిలబడి చూస్తాం. ముట్టకపోతే ‘ఏం కోరిక మిగిలిందో’ అని పోయినాయన్ని పేరు పెట్టి బతిమాలతాం. పెత్తర అమావాస్యకు తాతముత్తాతలకు అన్నం పెడతాం. అప్పుడెవరూ ఎవరినీ ఎర్రగడ్డ తీసుకుపోరు. సత్తెమ్మ చేస్తున్నదీ అదే పని, కాకపోతే ఊరు ఒప్పుకున్న రోజున కాకుండా రోజూ చేస్తోంది. ఎన్నాళ్ళు చేస్తే ‘అతి’ అంటారు, ఆ గీత ఎవరు గీస్తారు? నీ కథకు అసలు ప్రశ్న ఇది. నువ్వు దాన్ని డాక్టరు నోట్లో పెట్టి తప్పించుకున్నావు.

డాక్టర్లకైనా ఆ గీత స్థిరంగా లేదు. అమెరికా సైకియాట్రీ సంఘం వాళ్ళ డీఎస్ఎం అనే పుస్తకం ఉంది, జబ్బుల లెక్కాపత్రం అనుకో. 1994 నాటి కూర్పు ప్రకారం, అయినవాళ్ళు పోయిన రెండు నెలల్లోపు కనిపించే దిగులును మామూలుగా డిప్రెషన్ అనకూడదు. 2013లో ఆ మినహాయింపు ఎత్తేశారు. దుఃఖాన్ని కూడా రోగం చేస్తున్నారని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. 2022లో ‘దీర్ఘకాల దుఃఖం’ అని వేరే జబ్బు చేర్చి, పెద్దవాళ్ళకు కనీసం పన్నెండు నెలలు గడవాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ జబ్బుల పుస్తకం ఐసీడీ మాత్రం ఆరు నెలలు చాలంటుంది. ఒకే సత్తెమ్మ, ఎనిమిదో నెలలో ఒక పుస్తకంలో రోగి కావచ్చు, ఇంకో పుస్తకంలో ఇంకా కాదు. మన పెద్దలు మాసికాలు పెట్టి సంవత్సరీకం దాకా లాగడంలో ఎంత లెక్క ఉందో తెలియదుగానీ, నాకు ఆ ఏడాది గడువే నచ్చుతుంది. పుస్తకాలు రెండూ గడువు ఒక్కటే చూడవు. ఆ బాధ రోజువారీ బతుకును ఎంత కుంగదీసిందో, ఆ మనిషి సమాజంలోనూ సంప్రదాయంలోనూ ఉన్న పద్ధతిని ఎంత దాటిందో కూడా చూడమంటాయి. నీ కథలో ఆ రెండూ లేవు.

సైకాలజీ క్లాసులో నాలుగు కొలతలు చెబుతారు: నలుగురికీ భిన్నంగా ఉండటం, తనకు బాధగా ఉండటం, పనులు సాగకపోవడం, ప్రమాదం. బట్టీ పట్టడానికి బాగుంటాయి. విడివిడిగా చూస్తే ఒక్కటీ నిలబడదు. భిన్నంగా ఉండటమే లెక్కయితే పెద్దపెద్ద లెక్కలు నోటితో చేసిన శకుంతలా దేవికి వైద్యం చేయించాల్సింది. బాధే లెక్కయితే, మేనియాలో, అంటే హుషారు అదుపు తప్పిన జబ్బులో ఉన్నవాడు రాత్రికి రెండు గంటలు పడుకుని, ఉన్న పొలం అమ్మేసి, ‘నా అంత సుఖంగా ఎవడూ లేడు’ అంటాడు. పనులు సాగకపోవడమంటావా, ఇల్లు విడిచి కొండెక్కిన సన్యాసి కాళ్ళకు మనం దండం పెడతాం. ప్రమాదం సంగతి సరేసరి. మానసిక జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు, వాళ్ళకే ఇతరుల వల్ల హాని జరుగుతుంది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది రోగులు, పాకకు నిప్పంటుకుంటే కదల్లేక కాలిపోయారు. ఎవరివల్ల ఎవరికి ప్రమాదమో నువ్వే చెప్పు.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం చూశావుగా. పచ్చికుండ మీద నిలబడి, అమ్మవారు పూనిన ఆడమనిషి గొంతు మార్చి మాట్లాడుతుంటే మంత్రులు చేతులు కట్టుకుని వింటారు, టీవీలు లైవ్ ఇస్తాయి. అదే మనిషి అవే మాటలు మామూలు మంగళవారం ఎంజీబీఎస్ బస్టాండు ప్లాట్‌ఫారం మీద మాట్లాడితే కానిస్టేబుల్ వస్తాడు. డాక్టర్లకూ ఈ తేడా తెలుసు. మనిషి కోరుకోకుండా, ఆచారం ఒప్పుకున్న సందర్భానికి బయట వచ్చే పూనకాన్నే ఐసీడీ జబ్బు కింద లెక్కేస్తుంది. ప్రవర్తన ఒక్కటి రాస్తే సరిపోదు, అది ఎక్కడ, ఎవరి ముందు, ఎవరి ఇష్టంతో జరిగిందో కూడా రాయాలి. కథకులం మనం ఆ పని డాక్టర్లకంటే బాగా చేయగలం, నిజానికి.

ఇక ‘పిచ్చి’ అన్న ముద్ర ఎవరు వేస్తారన్నది. 1851లో అమెరికా దక్షిణాదిన శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, తోటల్లోంచి పారిపోయే నల్ల బానిసలకు ‘డ్రాపెటోమేనియా’ అనే జబ్బు ఉందని రాశాడు. పారిపోవాలనుకోవడమే రోగలక్షణం! సోవియట్ రష్యాలో ప్రభుత్వాన్ని ఎదిరించినవాళ్ళకు ‘మందకొడి స్కిజోఫ్రెనియా’ అని పేరు పెట్టి ఆసుపత్రుల్లో పడేశారు. స్వలింగ ప్రేమను అమెరికన్ సంఘం జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసింది 1990లో. ముద్ర వేసే చేతికి ఏదో ఒక అవసరం ఉండటం వీటిలో చూశావా? నీ కథలో సత్తెమ్మ మరిది ఉన్నాడు. ఆమె పేరున రెండెకరాలు ఉన్నాయని నువ్వే ఒకచోట రాసి, వదిలేశావు. ‘వదినెకు మతి తప్పింది’ అని మొదట అన్నది ఎవరు? నాకైతే ఆయన మీదే అనుమానం.

మన చట్టానికి కూడా ఆ అనుమానం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ చదువు. ఊళ్ళోవాళ్ళ నీతికీ, ఆచారానికీ, నమ్మకానికీ తలవంచలేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదంటుంది. జబ్బుందని డాక్టరు రాసినంత మాత్రాన ‘మతిస్థిమితం లేనివాళ్ళు’ అయిపోరు, ఆ మాట కోర్టు చెప్పాలి. కాబట్టి డాక్టరు చీటీ చూపించి మరిది పొలం రాయించుకోవడం అంత సులువు కాదు. ఇక్కడ నీకు మంచి మలుపు ఉంది. షాక్ ట్రీట్‌మెంట్ సీను మాత్రం తీసేయి. గిలగిలా కొట్టుకోవడం, నలుగురు పట్టుకోవడం సినిమాల్లోంచి వచ్చింది. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా కరెంటు పెట్టడాన్ని అదే చట్టం నిషేధించింది. గొలుసు వేయడం కూడా నిషేధమే.

ఆసుపత్రి సీనుకు పనికొచ్చే ఇంకో ముచ్చట. డేవిడ్ రోజెన్‌హాన్ అనే సైకాలజిస్టు 1973లో ఒక వ్యాసం అచ్చువేశాడు. జబ్బులేనివాళ్ళు ‘గొంతులు వినిపిస్తున్నాయి’ అని చెప్పి ఆసుపత్రుల్లో చేరారు, చేరాక మామూలుగానే ప్రవర్తించారు, అయినా ఆసుపత్రి సిబ్బంది ఎవరూ పట్టుకోలేదన్నది దాని సారం. వాళ్ళలో ఒకరు కాగితం మీద ఏదో రాసుకుంటుంటే ‘రోగి రాసే ప్రవర్తనలో ఉన్నాడు’ అని నర్సులు నమోదు చేశారట. రచయితలం ఉలిక్కిపడాల్సిన వాక్యం. అయితే ఈ ప్రయోగాన్ని కళ్ళకద్దుకోకు. 2019లో ఒక జర్నలిస్టు పాత కాగితాలు తవ్వితే రోజెన్‌హాన్ రాసిన దాంట్లో చాలా పొసగలేదని బయటపడింది.

నన్ను డాక్టర్ల వ్యతిరేకి అనుకోకు. స్కిజోఫ్రెనియా నిజమైన జబ్బు, మందులు వాడి నిలదొక్కుకున్నవాళ్ళు నాకు తెలుసు. ‘అంతా సమాజం కల్పన’ అని రాసే కథలు కూడా ఆ కుటుంబాలను అవమానించేవే. అందుకే ఆ జబ్బునైనా సరిగ్గా రాయమంటున్నాను. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటం కాదది. ఎక్కువగా పదహారు, ముప్పై ఏళ్ళ మధ్య మొదలవుతుంది, డీఎస్ఎం ప్రకారం లక్షణాలు కనీసం ఆరు నెలలు ఉండాలి. అరవై దాటిన సత్తెమ్మకు కొత్తగా ఏదో తేడా వస్తే బుద్ధున్న డాక్టరు ముందు సోడియం, థైరాయిడ్, బీ12 చూపిస్తాడు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో అడుగుతాడు, మతిమరపు గురించి కోడలిని వాకబు చేస్తాడు. అయిదు నిమిషాల్లో తేల్చేవాడిని రాస్తే, వాడు చెడ్డ డాక్టరని నీకు తెలిసి రాయి.

తిరగరాసేటప్పుడు ఆమె నిద్ర గురించి రాయి. బరువు తగ్గిందా, స్నానం చేస్తోందా, మనవడిని బడికి పంపుతోందా, ఉపాధి పనికి పోతోందా? కంచం ముందు కూర్చున్నప్పుడు ఆమె ముఖం తేటగా ఉంటుందా, బెదిరినట్టు ఉంటుందా? ఆయన గొంతు ఊరడిస్తోందా, ‘నువ్వూ వచ్చెయ్’ అంటోందా? రెండోదైతే ఆ ఇంట్లోవాళ్ళు ఒక్కరోజు కూడా ఆగకూడదు. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయించు, లేదా ఆసుపత్రికి పంపించు, అప్పుడు నేను అడ్డు చెప్పను. పాఠకుడు ఈ వివరాలన్నీ చూసి తనే తేల్చుకుంటాడు, లేదా తేల్చుకోలేక సతమతమవుతాడు. రోగం పేరు కథలో రాకపోయినా పర్వాలేదు. వస్తే మాత్రం ఎవరో ఒక పాత్ర నోటి నుంచి, తన అవసరంతో రావాలి. కథ చెప్పే గొంతులోంచి రాకూడదు.

కోడలు పాత్ర బాగా కుదిరింది, ఆమెకు ఇంకో రెండు సీన్లు ఇవ్వు. రోజూ వండేది ఆమే కదా, ఆ కంచంలో అన్నం మర్నాడు పొద్దున ఏమవుతుందో ఆమెకే తెలియాలి. ఇంకొకటి, నీ కథల్లో ఆడబిడ్డలందరికీ సుజాత అనే పేరు పెడుతున్నావు. ఈసారి మార్చు. దసరాలోపు పంపితే తీరిగ్గా చూస్తాను, తర్వాత కంటి ఆపరేషన్ ఉంది.

నీ మాస్టారు