చింపిన అంచును దాచకండి

ప్రశ్న: నమస్తే మేడం. హన్మకొండలో ఐదో తరగతి పిల్లలకు చెబుతాను. దసరా సెలవుల ముందు పాత క్యాలెండర్లు, పెళ్లి పత్రికలు చింపి, ముక్కలను షీటు మీద జిగురుతో అతికించి బతుకమ్మ బొమ్మ చేయిస్తున్నాం. చింపిన చోట తెల్లటి అంచు వస్తే పిల్లలు దాన్ని స్కెచ్‌తో నింపేస్తున్నారు. పైగా ఆరాక షీటు అప్పడంలా ముడుచుకుంటోంది. కత్తెర ఇస్తే నయమా?

జవాబు: కత్తెర వద్దు టీచర్ గారూ, స్కెచ్చులు కూడా కాసేపు బ్యాగుల్లోనే ఉండనివ్వండి. ఆ తెల్ల అంచే ఈ పనిలో అందం. క్యాలెండర్ కాగితానికి రంగు పైపొరలోనే ఉంటుంది, లోపలంతా తెలుపే. రంగు వైపు మీకు కనబడేలా పట్టుకుని, ఎడమ చేయి కదపకుండా, కుడి చేత్తో ముక్కను మీ వైపు లాగండి. కుడి చేతిలోకి వచ్చిన ముక్కకు అంచు దాకా రంగే ఉంటుంది, ఎడమ చేతిలో మిగిలినదానికి తెల్ల అంచు పడుతుంది. అంటే తెలుపు కావాలా వద్దా అన్నది చింపేవాళ్ల ఇష్టమే. గునుగు పూలకు తెల్ల అంచున్న గులాబీ రంగు ముక్కలు పెట్టించి చూడండి, కొసన ఆ నూగు దానంతటదే వస్తుంది, ఏ స్కెచ్‌తోనూ అలా గీయలేం. తంగేడు వరసకు మాత్రం తెలుపు లేని పసుపు ముక్కలు బాగుంటాయి.

ఇంకో సంగతి పిల్లలకు తప్పక చూపించండి. న్యూస్‌పేపర్‌ను పైనుంచి కిందికి చింపితే దాదాపు తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. మన కాగజ్‌నగర్ మిల్లయినా, ఇంకే మిల్లయినా, గుజ్జు మిషన్ మీద సాగేటప్పుడు అందులోని నార ఎక్కువగా ఒకే దిక్కుకు తిరుగుతుంది, అందుకే అలా. వేయిస్తంభాల గుడి స్తంభాలకు తిన్నగా చిరిగే వైపు, చెట్లకూ గుట్టలకూ వంకర వైపు వాడుకోవచ్చు. జపాన్‌లో చిగిరి-ఎ అనే చింపుడు కాగితం కళ ఉంది, పొడుగు నార ఉన్న చేతి కాగితాన్ని తడి కుంచెతో గీత గీసి లాగుతారు, అంచంతా మెత్తటి పోగులతో వస్తుంది. వాళ్లూ ఆ అంచును దాచరు.

ఇక ముడుచుకోవడం. తడికి కాగితం సాగి, ఆరేటప్పుడు బిగుసుకుని అట్టను లాగేస్తుంది. పల్చటి చార్టు బదులు మందపాటి అట్ట తీసుకోండి, జిగురు అట్టంతా పూయకుండా ముక్క వెనక మాత్రమే పల్చగా రాయించండి, అట్ట వెనక కూడా ఒక మామూలు కాగితం అతికించండి, రెండు వైపులా లాగుడు సరిపోతుంది. తడి కాస్త తగ్గాక పైన తెల్ల కాగితం వేసి బరువు పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి.

ప్రశ్న: మైదా జిగురు వాడితే పురుగు పడుతుందంటున్నారు. నిజమేనా? – ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: పడుతుంది, ముఖ్యంగా వానాకాలంలో. వెనకటికి బైండింగ్ చేసేవాళ్లు మైలుతుత్తం కలిపేవారు, కానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. చేర్యాల బొమ్మలకు చింతగింజల జిగురు వాడతారు, ఓపిక ఉంటే అదీ మంచిదే. ఏడాది దాటి దాచుకోవాలనుకునే బొమ్మకు మాత్రం ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి వాడండి. న్యూస్‌పేపర్ ముక్కలున్న బొమ్మను ఎండ పడే గోడకు తగిలించకండి, ఆ కాగితం తొందరగా పచ్చబడుతుంది.