నాన్న పడవను ఉంచుకొని పెద్ద పడవ కొనవచ్చా?

ప్రశ్న: మాది మంచిర్యాల జిల్లాలో ఎల్లంపల్లి జలాశయం ఒడ్డున ఉన్న ఊరు. మా నాన్న చేయించిన పద్నాలుగు అడుగుల చెక్క పడవ మీదే ఇన్నేళ్లుగా చేపలు పడుతున్నాను. ఇప్పుడు కొడుకు కూడా నాతో వస్తున్నాడు. ఆరేళ్లు వాడిన ఇరవై రెండు అడుగుల ఫైబర్ పడవ, ఇంజన్‌తో కలిపి, 1,90,000 రూపాయలకు అమ్మకానికి ఉంది. దానితో రోజుకు ఇరవై కిలోల చేప అదనంగా పడుతుందని అమ్మేవారు అంటున్నారు. నా దగ్గర 70,000 ఉన్నాయి. మిగిలిన 1,20,000 నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి ఇస్తామంటున్నారు. ఇరవై నెలల లక్ష రూపాయల చిట్టీలో తొమ్మిది నెలలు కట్టాను, ఇప్పుడు ఎత్తితే 85,000 చేతికొస్తాయి. ఇంట్లో కొంత బంగారం ఉంది. చిన్న పడవకు తారు, మేకులకే ఏటా 2,500 దాకా అవుతాయి. దానికి 15,000 ఇస్తామంటున్నారు కానీ అమ్మడానికి మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ప్రశ్నలో మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది చిన్న పడవ సంగతే అయినా, మీ ఇంటిని ఇబ్బందిలో పడేయగలిగేది మాత్రం ఆ మూడు రూపాయల మిత్తి. కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను.

పెద్ద పడవ వస్తే రోజుకు ఇరవై కిలోల చేప అదనంగా పడుతుందని అమ్మేవారు చెప్పినట్టు రాశారు. అమ్మేవారి మాటలో సగమే లెక్కలోకి తీసుకోవడం మంచిది కనుక పది కిలోలే అనుకుందాం. బొచ్చె, రవ్వ చేపలు కలిపి ఒడ్డు మీద కిలోకు వంద రూపాయలు పలికితే వెయ్యి రూపాయలు వస్తాయి. ఇంజన్‌కు రోజుకు మూడు లీటర్ల పెట్రోలు, లీటరు 110 రూపాయల చొప్పున 330 పోతాయి. పెద్ద వల లాగడానికి పెట్టుకునే మనిషికి 300 ఇవ్వాలి. మిగిలేది 370. నెలకు ఇరవై రోజులు, ఏడాదిలో ఆరు మంచి నెలలు వేట సాగితే అది 44,400 రూపాయలు అవుతుంది. ఇక 1,20,000 రూపాయలకు మూడు రూపాయల మిత్తి నెలకు 3,600, అంటే ఏడాదికి 43,200. పెద్ద పడవ అదనంగా సంపాదించింది దాదాపు అంతా మిత్తికే పోతుంది, అసలు తీర్చడానికి ఏడాదికి 1,200 రూపాయలే మిగులుతాయి. ఈ అప్పు దయచేసి తీసుకోకండి.

అదే మొత్తాన్ని బంగారం కుదువపెట్టి బ్యాంకులో తీసుకుంటే, వడ్డీ ఏడాదికి 9 శాతం అనుకున్నా 10,800 రూపాయలే అవుతుంది. అప్పుడు పడవ సంపాదనలో 33,600 మిగిలి అసలు తీర్చడానికి పనికొస్తాయి. బంగారం తాకట్టు పెట్టాలంటే ఇంట్లో ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఇక్కడ అది తప్పు నిర్ణయం కాదు, ఎందుకంటే దాన్ని విడిపించే దారి మీ చిట్టీలోనే ఉంది. ఇప్పుడే పాటకు, అంటే చిట్టీ వేలానికి, వెళితే 15,000 రూపాయలు వదులుకోవాలి. ఆరేడు నెలలు ఆగితే పాటలో పోటీ తగ్గి, కమీషన్ పోను 95,000 దాకా రావచ్చు. ఆగినందుకు 85,000 మీద ఆరు నెలలకు అదనంగా కట్టే వడ్డీ 3,800 రూపాయలకు అటూఇటుగా ఉంటుంది, కాబట్టి ఆగితే మీకు ఆరు వేల పైచిలుకు మిగులుతుంది. చిట్టీ డబ్బు చేతికి రాగానే నేరుగా బ్యాంకుకు వెళ్లి కట్టేయండి, మధ్యలో మరో ఖర్చుకు మళ్లించకండి. అప్పటికి మిగిలే పాతిక వేల చిల్లర అప్పు ఒక వేట కాలంలో తీరిపోతుంది.

ఇప్పుడు చిన్న పడవ సంగతి. అది అమ్మితే వచ్చే 15,000 వల్ల ఏడాదికి తగ్గే వడ్డీ 1,350 రూపాయలు. తారుకూ మేకులకూ ఏటా 2,500 దాకా అవుతాయని మీరే రాశారు. అంటే మీ నాన్నగారి పడవను ఉంచుకోవడానికి ఏడాదికయ్యే నిజమైన ఖర్చు 3,850 రూపాయలు. తెడ్డుతో వెళ్లిన ఒక రోజు వేటకు 400 మిగిలినా, పది రోజుల్లో ఆ ఖర్చు తిరిగి వస్తుంది. ఆ పది రోజులు తప్పకుండా వస్తాయి. ఎల్లంపల్లి నిండితే 20 టీఎంసీల నీరు ఉంటుంది, కానీ హైదరాబాద్ తాగునీటికీ రామగుండం ఎన్టీపీసీకీ నీళ్లు అక్కడి నుంచే వెళ్తాయి కనుక వేసవిలో మట్టం పడిపోతుంది. లోతు తగ్గిన అంచుల్లోకి, తుమ్మ మొద్దుల మధ్యకు ఇరవై రెండు అడుగుల పడవను తీసుకెళ్తే ఇంజన్ రెక్కలు విరుగుతాయి. పైగా ఆరేళ్ల ఇంజన్ మరమ్మతుకు వెళ్లిన వారం రోజులూ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కాబట్టి ఉంచుకోండి. ప్రేమతో ఉంచుకున్నా తప్పు లేదు, కానీ మీ విషయంలో లెక్క కూడా అదే చెబుతోంది.

అయితే పెద్ద పడవను 1,90,000కు కొనవద్దు. నా సలహా ఏమిటంటే, అన్నీ కలిపి 1,90,000 దాటకూడదు. అందులో 1,60,000 పడవకు, 30,000 మొదటి ఏడాది మరమ్మతులకూ రెండు లైఫ్ జాకెట్లకూ. మీ చేతిలో ఉన్న 70,000లో 40,000 మాత్రమే పడవలో పెట్టండి, మిగిలింది బ్యాంకులోనే ఉంచండి. బేరమాడటానికి మీకు ఆధారం కావాలి కనుక పడవను ఒడ్డుకు లాగించి అడుగు భాగాన్ని వేలి కణుపులతో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చప్పుడు మధ్యలో ఎక్కడైనా మొద్దుగా వినిపిస్తే అక్కడ ఫైబర్ పొరలు విడిపోయాయని అర్థం. ఇంజన్ తగిలించే వెనుక పలకను స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడండి, మెత్తగా దిగితే లోపలి చెక్క నాని కుళ్లింది. గేరు ఆయిల్ తీయించి చూడండి, పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరింది. ఇవన్నీ చూడగల మెకానిక్‌ను మీరే తీసుకెళ్లండి, అమ్మేవారు పిలిచిన మనిషి వద్దు. ఇంజన్ బిల్లు అడగండి. పడవ సబ్సిడీ మీద వచ్చినదైతే తిరిగి అమ్మకూడదన్న షరతు ఉండవచ్చు, అది తేలే వరకు బయానా ఇవ్వకండి.

బేరానికి ముందే ఒకసారి జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి రండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం రాయితీ ఉంది. మీ జిల్లాకు ఇప్పుడు పడవల మంజూరు ఉండి, మీ ఇంటావిడ పేరు మీద దరఖాస్తు పెట్టే వీలుంటే, కొత్త పడవే ఈ పాత పడవ ఖర్చులో రావచ్చు. వలలకూ పెట్రోలుకూ మత్స్యకారుల కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. రెండు లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది.

చివరిగా, మీరు రాయని విషయం ఒకటి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఇకపై ఇంట్లో సంపాదించే ఇద్దరూ ఒకే పడవలో ఉంటారు. మత్స్యకారుల సామూహిక ప్రమాద బీమాలో మరణానికి 5 లక్షల రూపాయలు వస్తాయి, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. మీ సహకార సంఘం పంపిన జాబితాలో మీ పేరుతో పాటు మీ అబ్బాయి పేరు కూడా ఉందో లేదో ఈ వారమే చూడండి. అతనికి సభ్యత్వం లేకపోతే ముందు అది ఇప్పించండి. దీనికి తోడు ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్ష బీమా ఇద్దరూ మీ బ్యాంకులోనే తీసుకోండి, రెండు లక్షల రక్షణ ఉంటుంది. ఈ కాగితాలు చేతికి వచ్చాకే పెద్ద పడవకు డబ్బు చెల్లించండి.